కుడి పేజీ

మొదటి వారంలోనే సార్ మాకు తలా ఒక గీతల్లేని తెల్లకాగితాల పుస్తకం ఇచ్చారు. తన పుస్తకాన్ని బల్ల మీద బార్లా తెరిచి చూపించారు.

"ఎడమ పేజీ బొమ్మకు, కుడి పేజీ మాటకు," అన్నారు. "రోజూ రాయాలె. బొమ్మ ఎట్ల ఏసిన్రో కాదు, ఏసేటప్పుడు మీకేమైందో రాయాలె."

"ఏమైతది సార్? చెయ్యి గుంజుతది," అన్నాడొకడు వెనక బెంచీ నుంచి. అందరం నవ్వాం.

సార్ నవ్వలేదు. "గుంజితే గుంజిందని రాయి. అబద్ధం మాత్రం రాయకు."

ఆ పుస్తకం నన్ను సతాయించినంతగా మనుషులెవరూ సతాయించలేదు.

ఎనభైల మొదట్లో మాట ఇది. కరీంనగర్‌లో ఒక బియ్యం దుకాణం మీది అంతస్తులో, రెండు అద్దె గదుల్లో నడిచేది ఆ డ్రాయింగ్ బడి. సార్ ఒక్కరే అన్నీ చెప్పేవారు. నేను గోదావరి అవతలి నుంచి, ఆదిలాబాద్ జిల్లాలోని బొగ్గుబావుల కాలనీ నుంచి వచ్చాను. బాపు బావిలో దిగి బొగ్గు నింపేవాడు. పదో తరగతి అయ్యాక మా హైస్కూలు డ్రాయింగ్ మాస్టారు ఇంటికొచ్చి, ఈ కోర్సు చదివితే డ్రాయింగ్ టీచర్ ఉద్యోగం వస్తుందని బాపుతో చెప్పాడు. అంత సేపు చెప్పినదాంట్లో బాపుకు "టీచర్" అన్న మాటే వినబడింది. కరీంనగర్‌లో అవ్వ చెల్లెలు, మా చిన్నమ్మ ఉంది కాబట్టి అవ్వ కూడా కాదనలేదు. పెట్టె సర్దుకుని చిన్నమ్మ ఇంటికి చేరాను.

ఎడమ పేజీతో నాకు ఏ పేచీ లేదు. కుండ పెడితే కుండ, చెంబు పెడితే చెంబు, అనుకున్న చోట అనుకున్నట్టు దిగేది. కుడి పేజీ దగ్గరికి వచ్చేసరికి కలం మొరాయించేది. బొమ్మ వేయడం కోసం ఇంత దూరం వస్తే మళ్ళీ వ్యాసాలు రాయమంటారేమిటని మండిపోయేదాన్ని. చివరికి బళ్ళో నేర్పినట్టే రాశాను: "నేను ఈ దినము కుండను గీచితిని. కుండ గుండ్రముగా నుండెను. దాని నీడ కుడివైపున పడెను."

పుస్తకం తిరిగొచ్చినప్పుడు కింద పెన్సిలుతో సార్ రాత ఉంది: "కుండ గుండ్రంగా ఉంటుందని నాకూ తెలుసు. నీకేమైంది?"

నాకేమీ కాలేదు. అదే మర్నాడు రాశాను: "నాకు ఏమియు కాలేదు." దాని కింద ఆయన ఏమీ రాయలేదు. ఒట్టి ప్రశ్నార్థకం పెట్టి ఇచ్చారు. ఆ కొక్కెం చూస్తే ఒళ్ళు మండింది.

ఇట్లా కాదని, నా పక్కన కూర్చునే అమ్మాయిని అడిగాను. వాళ్ళ నాన్న తెలుగు పండితుడు. ఆ అమ్మాయి పుస్తకంలో వాక్యాలు పట్టుచీరల్లా ఉండేవి. వాటిలోంచి రెండు తీసుకుని, అటూ ఇటూ మార్చి, నా జామపండు బొమ్మ పక్కన పెట్టాను: "సృష్టిలోని సమస్త సౌందర్యము ఈ చిన్న ఫలమునందు ఒదిగియున్నది. దానిని తిలకించిన నా హృదయము పులకించినది."

సార్ ఆ రోజు నన్ను బల్ల దగ్గరికి పిలిచారు.

"ఇది రాసినోళ్ళు ఎవరు?"

"నేనే సార్."

"నీ హృదయం పులకించిందా?"

నేను నా జామపండు బొమ్మ వైపు చూశాను.

"జామకాయ జూస్తే నీకు నిజంగ ఏమనిపించింది, జెప్పు."

"తినాలనిపించింది సార్."

"మరి గది రాయక పులకింతలెందుకు?" అని పుస్తకం మూసి నా చేతికిచ్చారు. క్లాసంతా వింటోంది. పండితుడి బిడ్డ తల దించుకుని రబ్బరుతో ఏదో చెరుపుతున్నట్టు నటించింది. నాకు ఏడుపు రాలేదు కానీ, ఆ సాయంత్రం పెట్టె సర్దుకుని బస్సెక్కి పోదామా అనిపించింది. పోతే బాపుకు ఏమని చెప్పాలో తెలియక ఆగాను. బొమ్మలు బాగా వేస్తున్నాను గానీ జామకాయ గురించి రాయడం రావట్లేదంటే ఎవరు నమ్ముతారు?

చిన్నమ్మ బీడీలు చుట్టేది. పొద్దున వంట కాగానే వాకిలి గడప దగ్గర కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని, నానబెట్టిన తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టేది. దారం కట్టి పక్కకు వేసేది. మాట్లాడుతూనే ఉండేది, చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. సార్ ఇంట్లో మనుషుల చేతులు గీసుకుని రమ్మన్నప్పుడు నాకు వెంటనే ఆ చేతులు గుర్తొచ్చాయి.

గీయడం మొదలుపెట్టాక తెలిసింది, అవి నాకు అందే చేతులు కావని. బొటనవేలు ఎప్పుడు ఆకు కిందికి పోతుందో, ఎప్పుడు పైకి తేలుతుందో పట్టుబడదు. ఆగమంటే ఆగదు.

"చిన్నమ్మా, జర గట్లనే పట్టుకో."

"పట్టుకుంటే బీడీ ఎట్లయితదే పొల్లా? నీ బొమ్మ కోసం నా పని బందు వెట్టాల్నా?"

"ఒక్క నిమిషం."

"ఒక్క నిమిషమని పొద్దుగాల నుంచి అంటున్నవ్. గింత సేపట్ల నువ్వు గూడ ఒక కట్ట చుడ్తువు."

వేసినవన్నీ పాడయ్యాయి. ఒకదానిలో వేళ్ళు బెండకాయల్లా వచ్చాయి. ఇంకోదానిలో చెయ్యి చెయ్యిలాగే ఉంది గానీ పని చేస్తున్నట్టు లేదు, ఎవరో పటం కోసం పెట్టినట్టు ఉంది. చివరికి విసుగొచ్చి, సార్ ఏమన్నా అననీ అని, కుడి పేజీ మీద నోటికి ఎట్లా వస్తే అట్లా రాసేశాను: "చెయ్యి వస్తలేదు. బొటనేలు ఆకుల్ల వోతుంది, మల్ల కనవడ్తలేదు. చిన్నమ్మ ఆగుమంటె ఆగది. నాకు యాష్టకొచ్చింది. ఈ పుస్తకం పొయ్యిల వెట్టాలని ఉంది."

తిట్లు పడతాయనుకున్నాను. పుస్తకం వచ్చినప్పుడు "పొయ్యిల వెట్టాలని ఉంది" కింద సన్నగా గీత గీసి, పక్కన రాశారు: "ఇంకా రాయి."

ఆ రెండు మాటలు చాలా సేపు చూస్తూ కూర్చున్నాను. మెచ్చుకున్నట్టూ లేదు, తప్పు పట్టినట్టూ లేదు. కానీ నేను రాసిందాన్ని ఎవరైనా చదివినట్టు అనిపించడం అదే మొదలు.

ఇంకా రాశాను. రాస్తుంటే ఒక సంగతి బయటపడింది. "చిన్నమ్మ చేతుల దిక్కు చూడది" అని రాసి, అక్కడే ఆగిపోయాను. నిజమే. చిన్నమ్మ చుట్టేటప్పుడు చాట వైపు చూసేదే కాదు. ఆమె కళ్ళు ఎప్పుడూ గల్లీలో ఉండేవి. ఆమె చిన్నకొడుకు మురుగు మోరీ గట్టు మీద ఆడుకునేవాడు. వాడు ఎక్కడ పడతాడోనని వాడినే చూస్తూ చుట్టేది. నేనేమో వేసిన ప్రతి బొమ్మలోనూ ఆమె తలను చేతుల మీదికి వంచాను. బీడీలు చుట్టే మనిషి బీడీల వైపే చూస్తుందని నాకు నేనే అనుకుని, కళ్ళ ముందు ఉన్న మెడను వదిలేశాను. తల ఎత్తి, ముఖం వాకిలి వైపు తిప్పి మళ్ళీ వేశాను. వేళ్ళు ఇంకా సరిగ్గా కుదరలేదు. అయినా ఆ బొమ్మలో పని నడుస్తోంది.

చిన్నమ్మకు చూపిస్తే, "నా మెడ గింత పొడుగున్నదా?" అని మాత్రం అడిగింది.

అప్పటినుంచి కుడి పేజీ ఇంటి మాటలతోనే నిండింది. సుఖంగా నిండిందని కాదు. దాదాపు ప్రతి పేజీలో ఏదో ఒకటి రాలేదనే ఉండేది. రంగు రాలేదు, దూరం రాలేదు, కుర్చీ కాలు నేల మీద ఆనలేదు. సార్ ఒక్కో రోజు నా విసుగు మీదే విసుక్కునేవారు. "వస్తలేదు వస్తలేదు అని రాస్తే సరిపోతదా? ఏడ తప్పింది? జాగ చూపెట్టు," అని రాసేవారు. చూపించలేకపోతే మళ్ళీ ఆ ప్రశ్నార్థకం పెట్టేవారు.

ఎండాకాలం సెలవుల్లో కాలనీకి పోయి, బాపును వేద్దామని కూర్చున్నాను. మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, బాపు అరుగు మీద గోడకు ఆనుకున్నాడు. కళ్ళ అంచుల్లో ఇంకా నల్లగా గీత ఉండేది. ఎంత కడిగినా అది పోయేది కాదు. ఆ గీత వేయాలని నా ఆశ. చెవి దగ్గర మొదలుపెట్టి, దవడ, మెడ వేసుకుంటూ కళ్ళ దాకా వచ్చేసరికి బాపు తల పక్కకు వాలిపోయింది. మర్నాడు కళ్ళతోనే మొదలుపెడదామంటే, ఆ రోజు కూర్చోకుండానే పడుకున్నాడు.

"బాపూ, జర లే. ఇంకింత ఉన్నది."

"ఊఁ... చెప్పు బిడ్డా..." అని మళ్ళీ గురక.

లోపలినుంచి అవ్వ వచ్చింది. "నిద్రవోనియ్యవానే? బాయిల నుంచి వచ్చిన మనిషిని గోడకు గూసవెట్టి పరేషాన్ చేస్తవా? నన్నెయ్యి, నేను కూసుంట."

అవ్వ కూర్చోలేదు. పొయ్యి మీద కూర ఉందంటూ పోయింది. సెలవులన్నీ అట్లాగే గడిచాయి. నా ఎడమ పేజీల నిండా బాపు చెవులు, బాపు కాలర్లు, బాపు దవడ. కళ్ళ చోట తెల్లకాగితం. కుడి పేజీలో రాశాను: "బాపు నిద్రవోయిండు. కండ్లు ఎయ్యలే. కండ్లు ఎయ్యాల్నంటె బాపుకు సెలవుండాలె."

సెలవుల తర్వాత సార్ అది చదివి ఏమీ రాయలేదు. పుస్తకం నా చేతికి ఇస్తూ, "ఈ బొమ్మను పూర్తి చెయ్యకు," అన్నారు. నాకది నచ్చలేదు. బొమ్మ సగంలో ఉంటే నాకు ఊపిరాడదు. కానీ పూర్తి చేయడానికి బాపు ఎక్కడున్నాడు?

కోర్సు చివర సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు తరఫున ఒక పరీక్షాధికారి వచ్చారు. పెద్దమనిషి, మెత్తటి గొంతు, వేరే ప్రాంతం మాట తీరు. బొమ్మలన్నీ చూశారు. నావి చూసి తలూపారు. తర్వాత మా పుస్తకాల దొంతర ముందుకు లాక్కున్నారు. వాటికీ మార్కులున్నాయి.

నా పుస్తకం దగ్గర ఆయన ఎర్ర కలం మూత తీశారు. ఒకదాని తర్వాత ఒకటి నా మాటల చుట్టూ సున్నాలు చుట్టుకుంటూ పోయారు. పేజీ తిప్పుతున్న చప్పుడు, కలం చప్పుడు. కాసేపటికి నన్ను పిలిచారు.

"ఏమిటమ్మా ఇది? 'కనవడ్తలేదు' అంటే ఏమిటి?"

"కనబడట్లేదని సార్."

"మరి అలా రాయొచ్చుగా. 'యాష్టకొచ్చింది', 'నిద్రవోయిండు'... ఇది రాసే భాషేనా? రేపు నువ్వు టీచరువై పిల్లలకు ఇదే నేర్పుతావా?"

నేను సార్ వైపు చూశాను. ఆయనే కదా రాయమన్నది. ఇప్పుడు చెబుతారు, ఇది నేను రాయించిందే అని చెబుతారు అనుకున్నాను. సార్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. పక్క హోటల్ నుంచి చాయ్ వచ్చింది. సార్ వెళ్ళి కప్పు అందుకుని, సాసర్‌లో ఒలికింది తుడిచి, పరీక్షాధికారి ముందు పెట్టారు.

"బొమ్మలు బాగున్నాయి కాబట్టి ఫెయిల్ చేయను," అన్నారాయన చాయ్ తాగుతూ. "ఈ పుస్తకాన్ని శుద్ధమైన తెలుగులో తిరగరాసి పంపించు. అప్పుడు సంతకం పెడతాను."

ఆయన మెట్లు దిగి పోయాక నేను గదిలోంచి కదల్లేదు. మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. సార్ బొమ్మలు వేసే ఈజిళ్ళను గోడకు ఆనిస్తున్నారు.

"సార్, గిట్ల రాయుమన్నది మీరే గద."

"అన్న."

"మరి ఆయన ముంగట ఎందుకనలే?"

సార్ ఈజిల్ వదిలేసి కూర్చున్నారు. "ఈ బడికి గుర్తింపు ఆయన చేతుల ఉన్నది. నేను నోరు తెరిస్తే నీ ఒక్కదాని సర్టిఫికెట్ కాదు, అందరియి ఆగుతయి."

"అయితే నేను రాసింది తప్పా సార్?"

"తప్పు గాదు."

"తప్పు గానిదానికి సున్నాలెందుకు జుట్టనిచ్చిన్రు?"

ఆయన మళ్ళీ లేచి ఈజిల్‌ను గోడకు ఆనించారు. "రాసియ్యి బిడ్డా," అన్నారు చివరికి, చాలా చిన్న గొంతుతో. రెండేళ్ళలో ఆయన నన్ను బిడ్డా అనడం అదొక్కసారే. అది కూడా నాకు కోపమే తెప్పించింది.

రాయనని చిన్నమ్మ ఇంట్లో భీష్మించుకు కూర్చున్నాను. చిన్నమ్మ ఎవరితోనో కబురు పంపింది. వారం సెలవు రోజున బాపు బస్సెక్కి వచ్చాడు. చెప్పిందంతా విన్నాడు. పుస్తకం అడిగి తీసుకుని, ఎర్ర సున్నాలను వేలితో తడుముతూ పేజీలు తిప్పాడు. బాపు కూడబలుక్కుని చదవగలడు. తన చెవులున్న పేజీ దగ్గర ఆగాడు.

"గిది నేనేనా?"

"నువ్వే. నిద్రవోయినవ్, కండ్లెయ్యలే."

"గీ రాసిన దానికేనా ఆయనకు కోపమొచ్చింది?"

"నిద్రవోయిండు అని రాయొద్దట."

"నిద్రవోయిన మాట నిజమే గద," అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "రాసియ్యి బిడ్డా. ఆయనకు గావల్సిన తీరుగ రాసియ్యి. బాయిల నేను అనాల్సిన మాటలు ఎన్ని మింగుతనో నీకెర్కనా? ఉద్యోగమొచ్చినంక నీకిష్టమొచ్చినట్టు రాసుకుందువు," అన్నాడు. పుస్తకం మూసి, తువ్వాలుతో అట్ట తుడిచి నా ఒళ్ళో పెట్టాడు.

కొత్త పుస్తకం కొని తిరగరాశాను. అది రాసినంత విసుగ్గా నేను ఏ పనీ చేయలేదు. "యాష్టకొచ్చింది" దగ్గరే పొద్దంతా గడిచింది. "విసుగు కలిగినది" అని రాస్తే, అది ఎవరికో వేరేవాళ్ళకు కలిగినట్టు ఉంది. యాష్ట అంటే ఒళ్ళు కూడా అలిసిపోయిన విసుగు. అది పుస్తకాల తెలుగులో నాకు దొరకలేదు. "పొయ్యిల వెట్టాలని ఉంది" తీసేశాను. "నాన్నగారు నిద్రించిరి" అని రాసి, దాన్ని చూస్తూ కూర్చున్నాను. మా ఇంట్లో నాన్నగారు ఎవరూ లేరు. అట్లాంటి మనిషెవరో మా అరుగు మీద కూర్చుని, చక్కగా చేతులు కట్టుకుని నిద్రిస్తున్నట్టు ఉంది. బొమ్మలు కూడా మళ్ళీ వేయాల్సి వచ్చింది. రెండోసారి వేసిన చిన్నమ్మ బొమ్మలో మెడ కుదురుగా, అందంగా వచ్చింది. అందులో ఆమె గల్లీ వైపు చూడటం లేదు.

సంతకం పడింది. సర్టిఫికెట్ వచ్చింది. బాపు దానికి పటం కట్టించాడు.

ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా ఆ తిరగరాత నేర్పిన తెలుగులోనే. ఎక్కడా కలం ఆగకుండా పేరాలు పేరాలుగా వచ్చేస్తోంది. ఇంటి మాటలో రాద్దామని మొదలుపెట్టి, రెండు వాక్యాలు కాగానే చెయ్యి తనంతట తానే "వచ్చాడు, పోయాడు" వైపు మళ్ళుతుంది. అంత బాగా నేర్చుకున్నాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు. సార్‌ను చాలా ఏళ్ళు తిట్టుకున్నాను. తర్వాత నేనే ఒక బడిలో చేరాక, ఆయన ఆ రోజు చాయ్ కప్పు తుడుస్తూ ఏం లెక్కలు వేసుకుని ఉంటారో కొంత అర్థమైంది. అర్థమైనా కోపం పూర్తిగా పోలేదు.

నాకు ఉద్యోగం ఆసిఫాబాద్ దగ్గరి హైస్కూల్లో వచ్చింది. తొంభైలు వచ్చేసరికి నా డ్రాయింగ్ పీరియడ్ పేరుకే టైంటేబుల్లో ఉండేది.

"మేడం, లెక్కల సిలబస్ కాలే. మీ పీరియడ్ జర ఇయ్యండ్రి," అనేవారు హెడ్మాస్టరు.

"పోయిన వారం గూడ ఇచ్చిన గద సార్."

"బొమ్మలదేముంది? ఇంటికాడ గూడ ఏసుకుంటరు."

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, ఇష్టమున్న పిల్లలను వరండాలో కూర్చోబెట్టి వేయించేదాన్ని. వాళ్ళకూ బొమ్మ పక్కన రాసుకోమని చెప్పాను. ఇంట్లో మరాఠీ మాట్లాడే ఒక పిల్ల చాలా రోజులు ఏమీ రాయలేదు. తర్వాత ఒకరోజు పేజీ నిండా మరాఠీలో రాసుకొచ్చింది. నాకు చదవడం రాదు. హెడ్మాస్టరు అటు పోతూ తొంగి చూశారు.

"గిది మీకు సమజైతదా మేడం? మార్కులెట్లేస్తరు?"

"మార్కులేస్తలేను సార్."

"మరెందుకు రాపిస్తున్నరు?"

చెప్పబోయాను. అంతలో గుమాస్తా పిలిస్తే ఆయన వెళ్ళిపోయారు. నా దగ్గర జవాబు మొత్తం సిద్ధంగా ఉంది, వినేవాళ్ళు లేరు.

ఆ పిల్లనే చదివి, తెలుగులో చెప్పమన్నాను. వాన పడ్డప్పుడు వాగు వేద్దామనుకుందట. నీలంలో నలుపు కలిపితే అంతా బురదైందట. కోపమొచ్చి కాగితం చింపేసిందట.

"చింపితే మరి గీ బొమ్మ ఏడిది?"

"గిది రెండోది మేడం. గిది గూడ మంచిగొస్తలేదు," అంది, ముఖం ముడుచుకుని.

నేను పక్కకు జరిగి, దాని పక్కన కూర్చున్నాను. బొమ్మను ఇద్దరి మధ్య పెట్టుకుని, నీళ్ళు ఎక్కడ ఆగిపోయాయో వెతకడం మొదలుపెట్టాం. సగం వెతికామో లేదో లెక్కల పీరియడ్ గంట కొట్టారు.